నలభైని ఎనిమిదితో భాగించాలి

మునీర్ చాచా స్టూడియోలో పొద్దున్నుంచీ జనమే. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్లు, లామినేషన్‌కు వచ్చినవాళ్లు. నేను ఎదురుగా చెప్పుల దుకాణం మెట్టు మీద కూర్చుని, వాళ్లంతా ఎప్పుడు వెళ్తారా అని చూశాను. లోపల నలుగురుంటే నాకు మాట రాదు.

మా బాపు సౌదీలో ఉంటాడు. ఈ రోజే ఆయన్ను ఎడారిలో పైపుల పనికి తీసుకుపోతున్నారు. అక్కడ సిగ్నల్ ఉండదు. మళ్లీ క్యాంపుకు వచ్చేది చలికాలం వెళ్లాకే. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా అవ్వ, అదే మా అమ్మ, బీడీలు చుడుతూనే ఫోన్ నా చేతికిస్తుంది. నేను "ఆ", "ఊ" అంటాను. అంతకు మించి రాదు.

"నువ్వెట్లాగూ మాట్లాడవు గని బిడ్డా, అంగన్‌వాడీల మైకు గుంజుకొని మాట్లాడినవ్ చూడు, గా వీడియో అన్న పంపు. ఆడ చూసుకుంట ఉంట," అన్నాడు మొన్న.

అది తీసింది మునీర్ చాచానే. ఆయనకు మెసేజ్ పెడితే, పాత హార్డ్‌డిస్కులో ఉందనీ, పద్దెనిమిది వందల ఎంబీ అనీ, తన షాపు నెట్టు నలభై స్పీడనీ చెప్పాడు. నేను పద్దెనిమిది వందల్ని నలభైతో భాగించాను. నలభై ఐదు సెకన్లు. "ఒక్క నిమిషం పని బాపూ" అని రాసి పంపాను. అందుకే మెట్టు మీద అంతసేపు నిశ్చింతగా కూర్చున్నాను.

షాపు ఖాళీ అయ్యాక లోపలికి వెళ్లాను.

"ఏం వినోదా, పొద్దటి సంది చెప్పుల దుకాణానికి కావలి కాస్తున్నవా? జీతమిచ్చిండా ఆయన?" అని నవ్వాడు చాచా. బీరువాలోంచి ఇటుకంత ఇనుప డబ్బా తీసి, దాని వైరు కంప్యూటర్‌కు పెట్టాడు. కాపీ మొదలైంది. తెర మీద ముప్పై నిమిషాలని చూపించింది.

"ఒక్క నిమిషం కదా చాచా?"

"ఎవరన్నరు?"

నా లెక్క చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"నెట్టోళ్లు చెప్పే నలభై బిట్లు తల్లీ. ఫైలేమో బైట్లల్ల ఉంటది. ఎనిమిది బిట్లు గలిస్తే ఒక బైటు. నలభైని ఎనిమిదితోని భాగించు."

సెకనుకు అయిదు ఎంబీ. అంటే నెట్టుకే ఆరు నిమిషాలు.

"గిదింకా పాతది," అని డబ్బాను తట్టాడు. "దీని స్పీడు పన్నెండు. అదీ బిట్లే."

ఒకటిన్నర. ఫోటో కవరు వెనక లెక్క వేసి చూశాను. డబ్బాలోంచి రావడానికే ఇరవై నిమిషాలు.

"అది కాయితం మీద. నడిచేటప్పుడు అరగంటే."

అప్పుడే బాపు మెసేజ్ వచ్చింది. "బండి పావుగంటల కదులుతదట. వీడియో రాలే బిడ్డా."

"ఆగు, పరేషాన్ గాకు," అని చాచా కాపీ ఆపి, డబ్బాలోంచే వీడియో నడిపాడు, ఫోన్‌తో తెరను తీద్దామని. ఆ వీడియోకు సెకనుకు మూడున్నర ఎంబీ కావాలి, డబ్బా ఇచ్చేది ఒకటిన్నరే. తెర మీద అయిదేళ్ల నేను నోరు తెరిచి ఆగిపోయాను. "మా కో..." అని ఒక ముక్క. మళ్లీ నిశ్శబ్దం. చాచా దాన్ని మూసి, మళ్లీ కాపీకి పెట్టాడు.

"చాచా, ఫోన్ల మాట్లాడితే ఎంత స్పీడు కావాలె?"

"మాటకా? ఏమక్కర్లే. గీ ముసలి డబ్బా స్పీడుల వంద మంది మాట్లాడొచ్చు." నా వైపు ఒకసారి చూశాడు. "చాయ్ తాగొస్త. జర దుకాణం చూడు."

బాపుకు ఫోన్ చేశాను.

"వీడియో రాదు బాపూ. నేను లెక్క తప్పేసిన."

"ఏం గాదు బిడ్డా. ఫికర్ చెయ్యకు."

అటువైపు ఎవరో సంచులు ఎక్కిస్తున్నారు.

"గా వీడియోల మన కోడి సంగతి చెప్పిన బాపూ. పక్కింటి చంద్రవ్వ పెద్దమ్మ ఇంట్ల గుడ్లు పెట్టొస్తుండె చూడు, మనింట్ల తిని. దానిది. ఇప్పుడు దాని మనవరాలు గూడ గట్లనే చేస్తుంది."

"ఆ," అన్నాడు బాపు.

"పెద్దమ్మ గుడ్లు ఇయ్యనంటది. మా ఇంట్ల పెట్టింది మాదే అంటది. అవ్వ కొట్లాడుతది. సాయంత్రం మళ్ల ఇద్దరు గలిసి బీడీలు చేస్తరు."

"ఊ."

అటు ఇంజను మోగింది. నేను ఆగలేదు. కాలేజీ బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరని చెప్పాను. చెప్పుల దుకాణం మెట్టు సంగతి చెప్పాను. లోపలికి రావాలంటే భయమైందని, లేకపోతే వీడియో పొద్దున్నే పోయేదని చెప్పాను. "బాపూ, నువ్వు లేకుంటే ఇల్లు మంచిగ లేదు" అని కూడా అన్నాను. దానికి "ఆ" వినబడలేదు. ఫోన్ తీసి చూస్తే కాల్ పోయింది. ఎక్కడిదాకా విన్నాడో తెలియదు. మళ్లీ చేస్తే కలవలేదు.

చాచా తిరిగొచ్చాడు, వెనక ఫోటోలకు ఇద్దరు మనుషులు.

"ఇంకెంత సేపట వినోదా?"

"ఇంక పన్నెండు నిమిషాలు చాచా," అన్నాను వాళ్ల ముందే.

కాపీ అయ్యాక వీడియో పంపాను. నెట్టుకు ఆరు నిమిషాలే పట్టింది. దాని పక్కన ఒకే టిక్కు పడింది, బాపుకు చేరితే రెండు పడాలి. ఇప్పటికీ ఒకటే ఉంది.