ఎనిమిదో పేరు

దోసకాయ ఏరడంలో జగన్నాధం వస్తాదుది పెద్ద పేచీ. లేతదైతే కత్తి ఇట్టే దిగిపోతుంది, ముదిరినదైతే తెగడానికి ఎక్కువ బలం కావాలి. పండగనాటి ఉదయం శృంగవరపుకోట సంతలో నాలుగు బుట్టలు తిరగేసి, కూరలమ్మే దాలమ్మ చేత చీవాట్లు తిని ఒక్క కాయ పట్టుకొచ్చాడు. తన పొట్ట మీద పెట్టించుకునే కాయ కదా, ఆమాత్రం చాదస్తం ఉండదూ!

వాళ్ల తాలింఖానాలో, అంటే సాము నేర్పే చోట, కర్రసాము ఎంత బాగా చేసినా వస్తాదు అనరు. అమ్మవారి పండగనాడు ఊరందరి ముందు కళ్లకు గంతలు కట్టుకుని, నేల మీద పడుకున్న మనిషి పొట్ట మీది దోసకాయను కత్తితో రెండు చెక్కలు చేయాలి. చర్మం మీద గీత పడకూడదు. పడుకున్నవాడు పోయిన గురువుల పేర్లు వరసగా చెబుతాడు. ఆ గొంతును బట్టే కత్తి పట్టినవాడు చోటు పోల్చుకుంటాడు. ఆఖరి పేరు చెప్పి వాడు ఊపిరి బిగబట్టగానే దెబ్బ దిగాలి.

ఇరవై ఏడేళ్ల కిందట జగన్నాధం కత్తి పట్టినప్పుడు అలా పడుకున్నవాడు ఆయన తమ్ముడు గోవింద్. అంతకు ముందు వరసలో పేర్లు ఆరు. ఆ ఏడే వాళ్ల నాన్న సింహాచలం వస్తాదు పోయాడు, ఏడో పేరు చేరింది. అది జగన్నాధానికి తెలియదా? తెలుసు. పొద్దున తమ్ముడితో అనుకున్నాడు కూడా. కానీ పన్నెండేళ్లుగా ప్రతి పండగకీ ఆరు దగ్గర దిగిన చెయ్యి ఆరు దగ్గరే దిగింది. నాన్న పేరు చెప్పడానికి అప్పుడే గోవింద్ ఊపిరి తీసుకున్నాడు. పొట్ట రెండు వేళ్లు పైకి లేచింది. అంతే.

ఆసుపత్రి దాకా కూడా బతకలేదు. గోవింద్ భార్య యమునకు అప్పుడు ఐదో నెల. పుట్టిన పిల్లే శైలజ.

ఆనాటి నుంచి జగన్నాధం కత్తి ముట్టలేదు, తమ్ముడి పేరు ఎత్తలేదు. ఎత్తనంత మాత్రాన వదుల్తాడా? శిష్యులకు కర్ర నేర్పుతూ ఒకటి, రెండు అని అడుగులు లెక్కపెడితే పక్కనే ఇంకో గొంతు లెక్కపెట్టేది. ఆరు దాకా కలిసి వచ్చేది. ఆ తర్వాత ఊపిరి పీల్చిన చప్పుడు, ఇంకేమీ ఉండేది కాదు. అందుకని ఆయన ఐదు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వచ్చేవాడు. అదేదో పాత పద్ధతి అనుకుని శిష్యులూ అలాగే లెక్కపెట్టేవారు.

ఇప్పుడు శైలజ కత్తి పడతానంది. యమున ఏడ్చింది, తిట్టింది, చివరికి జగన్నాధం ముందుకొచ్చి నిలబడింది.

"కింద మీరు పడుకుంటేనే నా పిల్లని అంపుతాను బావగారూ."

ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నవాడిలా ఆయన సరేనన్నాడు.

పండగ ముందురోజు కత్తి తుడుస్తూ శైలజ అడిగింది. "పెదనాన్నా, మా నాన్న పేరు కూడా సెప్పవా?"

"వస్తాదు కానోడి పేరు వరసలో సెప్పరే."

"ఆ కత్తి కిందే పోయినాడు కదా. ఇంకా ఏటి కావాల?"

"ఏడే. ఏడు కాడ కొట్టు. ఆడి పేరెత్తితే నా ఊపిరి నా సేతిలో ఉండదు."

శైలజ మళ్లీ కత్తి తుడవడంలో పడింది.

మర్నాడు సాయంత్రం డప్పులు ఆగాయి. జగన్నాధం చొక్కా విప్పి వెల్లకిలా పడుకున్నాడు. శైలజ కళ్లకు నల్లగుడ్డ కట్టుకుంది. యమున ముందు వరసలోనే నిలబడింది.

"పైడయ్య" అన్నాడు జగన్నాధం. పక్కన గోవింద్ గొంతు కూడా పైడయ్య అంది. బంగారయ్య, దాలినాయుడు, సన్యాసి, రాముడు, అప్పన్న. ఆరు పేర్లూ ఇద్దరూ కలిసే చెప్పారు. పక్కన ఊపిరి పీల్చిన చప్పుడు.

"సింహాచలం" అన్నాడు ఒక్కడే.

ఇక ఊపిరి బిగబట్టాలి. బిగబట్టలేకపోయాడు. పక్కన వాడు మాట పూర్తికాక అలాగే పడి ఉన్నాడు, వాణ్ని వదిలి తానెలా ముగిస్తాడు? పొట్ట దానంతటదే పైకి లేచింది. కత్తి దిగే వేళ అదేనని తెలుసు. దిగనీ అనుకున్నాడు.

"గోవింద్!" అని అరిచాడు.

అప్పుడు దిగింది కత్తి. దోసకాయ రెండు చెక్కలై చెరో పక్కకు దొర్లింది. పొట్ట మీద నీళ్లు, గింజలు. నెత్తురు లేదు.

"ఏడు కాడ కొట్టమన్నాను కదే, ఎందుకాగినావు?" అన్నాడు జగన్నాధం.

శైలజ గంతలు విప్పింది. "నువ్వు సెప్తావని ఆగినాను పెదనాన్నా. సెప్పకపోతే కత్తి కింద పెట్టీసి ఇంటికి పోదును."

యమున వచ్చి కూర్చుని, ఆయన పొట్ట మీది గింజలు తన కొంగుతో తుడిచింది. జనం ఈలలు వేస్తున్నారు. జగన్నాధం లేవలేదు. లోలోపల ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. ఐదు దగ్గర ఆగలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. పక్కన ఎవరూ పలకలేదు. ఇరవై ఏడేళ్లుగా ఎప్పుడు వదులుతుందా అనుకున్న గొంతు వదిలిపోయేసరికి, తమ్ముడు చచ్చిపోయాడన్న కబురు అప్పుడే విన్నవాడిలా ఆ నేల మీద పడి ఏడ్చాడు.