ట్యాంకు నడిచిన మధ్యాహ్నం

పడవ ఎక్కే ముందు చిన్నకూతురు తల్లిచేత ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. "అమ్మా, ఈ ఐదు రోజులూ ఆయన్ని ఒక్క మాట అనకు. తప్పు కనిపించినా సరే. తప్పు కనిపిస్తే అసలే అనకు" అంది.

ఆవిడ నవ్వి సరేనంది. ఆ నవ్వు తెచ్చుకోవడానికి లోపల చాలా కష్టపడింది. ముప్పై రెండేళ్ళు భూముల కొలతల ఆఫీసులో సర్వేయరుగా పనిచేసిన మనిషి. ఆఫీసులో ఆవిడని వెనకాల కొలతలమ్మ అనేవారు, ఒకరిద్దరు ముందర కూడా అనేవారు. ఎక్కడైనా వంకర కనిపిస్తే చెప్పకుండా ఊరుకోవడం ఆవిడకి చేతకాదు. యథార్థవాది లోకవిరోధి అన్న మాట ఈవిడ కోసమే పుట్టిందని అక్కడి హెడ్ గుమాస్తా అంటుండేవాడు.

లోకంతో విరోధమైతే ఎలాగో సర్దుకోవచ్చు. పెద్దల్లుడితో వచ్చిన విరోధమే ఆవిడ కొంప ముంచింది. తొమ్మిదేళ్ళ కింద అతను కొత్తగా కట్టిన ఇల్లు చూపిద్దామని తన ఆఫీసువాళ్ళనీ, అత్తగారినీ పిలిచాడు. ఆవిడ ప్రహరీ గోడని ఈ చివర నిలబడి ఒక్కసారి చూసి, "గోడ పక్కవాళ్ళ స్థలంలోకి అడుగున్నర పోయింది బాబూ" అంది, అందరి ముందూ. కొలత నిజమే. తరవాత ఆ గోడ పడగొట్టి మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది కూడా. కానీ ఆ రోజు నుంచి పెద్దల్లుడు ఆవిడ గుమ్మం తొక్కలేదు. పెద్దకూతురు ఏడాదికోసారి ఒక్కతే వచ్చి, రెండు గంటలు కూర్చుని, గడియారం చూసుకుంటూ వెళ్ళిపోతుంది. ఇక మిగిలింది ఈ చిన్నది. ఇదీ దూరమైతే ఏం చెయ్యాలన్న ఆలోచన దగ్గరే ఆవిడ నోటికి తాళం పడింది.

చిన్నల్లుడు మంచివాడు, మాట తక్కువ మనిషి. పడవల మరమ్మతు షెడ్డులో పని. మూడేళ్ళ సెలవులన్నీ తగలేసి ఈ పడవని సొంత చేతులతో కట్టుకున్నాడు. ఒక తెరచాప, ఒక ఇంజను, ముగ్గురు పడుకుంటే నాలుగోది పిల్లి కూడా పట్టని గది. దీవుల మధ్య తిరగడం దానికి ఇదే మొదటిసారి. అత్తగారంటే అతనికి ఎంత మర్యాదంటే, ఆవిడ దగ్గితే చాలు మంచినీళ్ళు పట్టుకొచ్చేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం గాలి మొదలైంది. ఎక్కడో ఒకచోట ఆగాలి. ఒక దీవి దగ్గర తీరం లోపలికి వంగిన చోటు కనిపించింది. కొండవాలు నిండా పసుపుపచ్చ పూల పొదలు, ఒడ్డున తెల్లటి పెద్దరాయి, దాని వెనక కొండ మీద నాలుగు కాళ్ళ నీళ్ళ ట్యాంకు. "ఇక్కడ ఎంత బాగుందో!" అంది ఆవిడ. నిజం చెప్పాలంటే అల్లుణ్ణి సంతోషపెట్టడానికే అంది. అతను ఒక్క క్షణం దీవి అవతలి వైపు చూసి, "అయితే ఇక్కడే ఆపుదాం అత్తయ్యా" అన్నాడు.

లంగరు వేశాడు. తాడు వదిలి, ముందు భాగంలో మోకాళ్ళ మీద కూర్చుని, తాడు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. తరవాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "అయిపోయింది" అన్నాడు. ఎంత శ్రద్ధగల మనిషో అనుకుంది ఆవిడ.

గంట తిరిగేసరికి గాలి ముదిరింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా వానొకటి. పడవ ఊగుడికి కూతురికి కడుపులో తిప్పి, కింద గదిలో బకెట్టు పట్టుకుని పడుకుంది. అల్లుడు దానికి సేవ చేస్తున్నాడు. ఆవిడ వెనక బల్ల మీద రెయిన్‌కోటు కప్పుకుని కూర్చుంది.

ఊరికే కూర్చున్న సర్వేయరు కన్ను ఊరికే ఉండదు. లంగరు వేసినప్పుడు ట్యాంకు సరిగ్గా తెల్లరాయి నెత్తి మీద ఉంది. ఇప్పుడు రాయికి కుడివైపు వచ్చింది. ట్యాంకు నడవదు. రాయీ నడవదు. అంటే నడిచింది పడవే. లంగరుకి కట్టిన పడవ అటూ ఇటూ ఊగుతుందని అల్లుడే చెప్పాడు కాబట్టి, వెనక్కి వస్తుందేమో చూద్దామనుకుంది. పడవ వెనక్కి రాలేదు. ట్యాంకు ఇంకాస్త నడిచింది. పడవ వెనక, గాలి తోస్తున్న వైపు, నల్లరాళ్ళ వరస ఉంది. ఇందాక అది చాలా దూరం.

కక్కలేక మింగలేక కూర్చుంది. అల్లుడికి తెలియదా? అంతసేపు చెయ్యి పెట్టి చూశాడే. మూడేళ్ళు కట్టుకున్న పడవలో, పెళ్ళాం ముందు, నీ లంగరు పట్టలేదని అత్తగారు చెబితే ఎలా ఉంటుంది? ఇంకాస్సేపు చూద్దామనుకుంది. అలా అనుకుంటూ అరగంట గడిపేసింది.

చివరికి గది గుమ్మంలోకి వంగి, "బాబూ, ఖాళీ ఉంటే ఒకసారి పైకి వస్తారా?" అంది.

"వస్తున్నా అత్తయ్యా, తనకి కాసిని నీళ్ళు పట్టించి."

"తొందరేం లేదు" అంది ఆవిడ, అలవాటు కొద్దీ. అన్న మరుక్షణం రాళ్ళ మీద విరిగిన కెరటం తుంపర వచ్చి వీపున కొట్టింది. అప్పుడు అరిచింది. "తొందరుంది! పడవ కొట్టుకుపోతోంది!"

అల్లుడు ఒక్క గంతులో పైకొచ్చాడు. రాళ్ళు రెండు పడవల దూరంలో ఉన్నాయి. ఇంజను స్టార్టు చేసి, చుక్కాని కర్ర ఆవిడ చేతిలో పెట్టి, "ఆ ట్యాంకు మీదికే పోనివ్వండి, అటూ ఇటూ తిప్పకండి!" అని ముందుకి పరిగెత్తి తాడు లాగడం మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళు ట్యాంకు మీంచి తిప్పలేదు. రాళ్ళ చప్పుడు వెనకే వినిపించింది, తరవాత కొంచెం తగ్గింది, ఆ తరవాత ఇంజను చప్పుడులో కలిసిపోయింది. లంగరు పైకొచ్చింది. దాని కొక్కేల నిండా ఆకుపచ్చటి సముద్రపు గడ్డి వేలాడుతోంది.

దీవి చుట్టూ తిరిగి అవతలి వైపుకి బయల్దేరారు. కాసేపటికి అల్లుడు, "మీరెప్పుడు చూశారు?" అని అడిగాడు.

ఇప్పుడే అంటే సరిపోయేది. "అరగంటయింది" అంది ఆవిడ.

"అరగంటా!" అతని గొంతు లేవడం ఆవిడ వినడం అదే మొదలు. "కింద మీ అమ్మాయి పడుకునుంది. మీకు ఈత రాదు. అరగంట చూస్తూ కూర్చున్నారా? ఎందుకు?"

"భయమేసింది బాబూ."

"భయమేస్తే పిలవాలి కదండీ!"

"రాళ్ళంటే కాదు. మీరంటే."

అతన్ని చూసి వాళ్ళ షెడ్డులో కుక్క కూడా ఎప్పుడూ భయపడలేదు. "నేనంటేనా?" అన్నాడు.

"మీ తోడల్లుడి సంగతి మీకు తెలుసుగా. ఒక్క మాటకి తొమ్మిదేళ్ళయింది. మీరూ అలా మొహం చాటేస్తే నాకు ఇంకెవరున్నారు?" అంది. ఏడుపు దాచుకోలేదు. వానలో దాచుకోవాల్సిన అవసరమూ లేకపోయింది.

అల్లుడు మొహం అటు తిప్పుకుని, "లంగరు పట్టలేదని నాకు వేసినప్పుడే తెలుసు అత్తయ్యా" అన్నాడు. "ఇసుకలో దిగితే తాడు నిమ్మళంగా ఉంటుంది. అది గరగరమని వణుకుతోంది. ఇప్పుడు పోతున్న ఈ అవతలి వైపే నయమని కూడా తెలుసు. మీరు అక్కడ బాగుందన్నారు. పైగా వేసిన లంగరు తీసి మళ్ళీ వేస్తే, వీడికి చేతకాదు అనుకుంటారని..."

"ముందే తెలుసా!" ఇప్పుడు ఆవిడ గొంతు లేచింది. "తెలిసి, నా కూతుర్ని అక్కడ పడుకోబెట్టారా?"

కిందనుంచి నీరసంగా వినిపించింది. "అమ్మా, ఆయన్ని ఏమైనా అంటున్నావా?"

"అంటున్నానే, నువ్వు పడుకో!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి ఆవిడ నోటిదాకా వచ్చింది. రెండో సగం అల్లుడి ముందు అనేది కాదు కాబట్టి మింగేసింది. అతనికీ అదే గుర్తొచ్చినట్టుంది, పెదవి బిగబట్టుకున్నాడు.

అవతలి వైపు పూలూ లేవు, అందమూ లేదు. పాత చేపల గోడౌను, దాని కంపు. గాలి మాత్రం ఇక్కడ సగమే. అల్లుడు లంగరు వేసి, లోతుకి ఏడింతల తాడు వదిలి వచ్చి ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఒళ్ళంతా తడిసి ముద్దయింది. తాడు ఒరుసుకుని అరచేతులు చిట్లి ఉన్నాయి. తాడు వణుకుతోందో లేదో వాటితో తెలుసుకునే స్థితి లేదు.

పది నిమిషాలయ్యాక, "పట్టిందా అత్తయ్యా?" అన్నాడు. పట్టిందని చెప్పమని బతిమాలుతున్నట్టుంది ఆ అడగడం. ఆవిడ ఆ చేతుల వంక చూసింది. గోడౌను తలుపుని, దాని వెనక కరెంటు స్తంభాన్ని చూసింది.

"లేదు" అంది. "జరుగుతోంది."

అల్లుడు మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకునే లేచి, లంగరు లాగడానికి ముందుకెళ్ళాడు. ఆవిడ చుక్కాని అందుకుంది.