పసుపుమూత డబ్బా మీద అట్టపెట్టె

చెత్తబండి వచ్చే ముందురోజు సాయంత్రం బాలరాట్ ఊళ్ళో ఓ వీధివాళ్ళకి వార్తల సమయం. అట్టలూ సీసాలూ వేసే పసుపుమూత చెత్తడబ్బాల్లో ఎవరి డబ్బా మీద ఏ అట్టపెట్టె ఉందో చూస్తే, వాళ్ళింట్లో కొత్తగా ఏం దిగిందో తెలిసిపోతుంది.

ఆ వారం పెరటి పిజ్జా పొయ్యి ప్రకటన ఇంటింటికీ వచ్చింది. ‘మీ పక్కింటివాళ్ళు ఇప్పటికే కొన్నారు’ అని రాసుంది. పక్కిళ్ళవాళ్ళు కొనలేదని ఆ వీధిలోనే ఉండే నెవిల్‌కి తెలుసు. అయినా తనొక్కడే వెనకబడిపోయాడని దిగులుపడ్డాడు. కొనడానికి మనసొప్పలేదు. కొనలేదనిపించుకోవడానికీ ఒప్పలేదు. ఆ పొయ్యిలమ్మే దుకాణం వెనక పారేసిన ఖాళీ పెట్టె తెచ్చి, పొయ్యి బొమ్మ రోడ్డువైపు ఉండేట్టు డబ్బా మీద నిలబెట్టాడు.

తరువాతి వారం ఎదురింటి కీత్ డబ్బా మీద అదే పెట్టె. ఆపై వారం పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ మెర్ల్ డబ్బా మీద. వీధికి దారి చూపించిన పెద్దమనిషిలా నెవిల్ నడుం మీద చేతులేసుకుని చూశాడు.

శనివారం మెర్ల్ కంచె దగ్గరికి వచ్చింది.

“నాయనా, నిజం చెప్పు. ఆ పొయ్యి పనికొస్తుందా? దుకాణంవాళ్ళు రేపటిదాకా వెనక్కి తీసుకుంటారట. ఇచ్చేస్తే ఆ డబ్బుతో విమానమెక్కి లాన్సెస్టన్ వెళ్ళి చెల్లెల్ని చూసొస్తా. దానికి ఒంట్లో బాగోలేదు.”

“మరెందుకు కొన్నారండీ?”

“నువ్వు కొన్నావుగా. ఒకే టీ బ్యాగుని రెండు కప్పుల్లో ముంచేవాడివి, ఊరికే కొంటావా అనుకున్నా.”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా కీత్ మొక్కలకి నీళ్ళు పోయడం ఆపి ఇటే వింటున్నాడు.

“బాగానే ఉందండీ,” అన్నాడు నెవిల్.

“అయితే ఉంచేస్తాలే.”

లోపలికి రాగానే భార్య జెనెట్ అడిగింది. “ఏది బాగుంది? అట్టపెట్టా?”

ఆదివారం పొద్దున్నించి రెండుసార్లు కంచెదాకా వెళ్ళి, గులాబీలకి చీడ పట్టిందేమో చూసి వెనక్కొచ్చాడు.

ఆ సాయంత్రం దుకాణం మూసేశాక మెర్ల్ పళ్ళెంతో వచ్చింది. పిజ్జా అడుగు బొగ్గు, పైన పచ్చి పిండి.

“మీ దాంట్లో కూడా ఇలాగే వస్తుందా?”

“అచ్చం ఇలాగే.”

“హమ్మయ్య, నాకే చేతకాలేదనుకున్నా. వచ్చే ఏడు వస్తాలే అని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేశా.”

నెవిల్ నములుతున్నాడు.

“ఇంకో ముక్క వెయ్యనా?”

“వెయ్యండి,” అన్నాడు తలెత్తకుండా.