దంతపు పిడి సూది

అచ్యుతరామయ్యగారి ఇంట్లో దేవుడికి గూడు ఉంది, ఇంగ్లీషు కవులకి బీరువా ఉంది. దేవుడి గూటికి తలుపైనా లేదు. బీరువాకి మాత్రం అద్దాల తలుపులు, తాళం. ఆ తాళంచెవి ఆయన మొలతాటికి ఉండేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఏదో పల్లెటూళ్ళో ఆరుగురు కుర్రకవులు జట్టుగా ఉండి గొర్రెల మీదా వెన్నెల మీదా పద్యాలు రాశారట. ముగ్గురు మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు, మిగతా ముగ్గురూ మంచాన పడి పోయారు. వాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు కొన్ని, విరిగిన పైపు, అంగుళం పెన్సిలు, కుట్లు వేసిన మేజోడు వచ్చి విశాఖపట్నంలో సీతమ్మధారలో పడ్డాయి. మేజోడు ఒక్కటే. రెండోది ఏ మహాకవి కాలితో పోయిందో ఎవరికీ తెలియదు.

ఆదివారం ఆదివారం ఆ బీరువా దర్శనానికి పదిమంది పెద్దమనుషులు వచ్చేవారు. పోర్టులో ఆఫీసరు గురునాథరావుగారు వాళ్ళకి పెద్ద. మేజోడు ముందు కళ్ళు మూసుకుని నిట్టూర్చి, ఆ నిట్టూర్పుతోనే మూడు పెసరట్లు లాగించేవాడు. అచ్యుతరామయ్యగారు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవారు. ఒక ఉత్తరంలోంచి నాలుగు లైన్లు చదివి, గొంతు పట్టేసినట్టు ఆగేవారు. ఎప్పుడూ ఆ నాలుగు లైన్లే.

"సచ్చిపోయినోల మేజోడు ఇంట్లో ఎట్టుకుంటారేటమ్మా," అని పనిమనిషి పోతమ్మ మొదటిరోజే అడిగింది. ఆ ఇంట్లో తెలివైన మాట అదొక్కటే అనిపించింది భ్రమరాంబకి. ఆవిడ అచ్యుతరామయ్యగారి భార్య. పెసరట్లు వేసేదీ, కాఫీ కప్పులు మోసేదీ ఆవిడే. ముప్ఫయ్యేళ్ళలో ఆయన ఆవిణ్ణి "ఒసేయ్" అని తప్ప పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు.

బీరువాలో మేజోడు పక్కనే దంతపు పిడి ఉన్న సన్నని సూది ఒకటి ఉంది. చివర చిన్న కొక్కెం. ఫలానా కవి పైపు శుభ్రం చేసుకునే పుల్ల అది అని ఆయన అందరికీ చెప్పేవారు. నరసాపురంలో పుట్టి, ఏడో ఏట నుంచీ లేసు అల్లిన భ్రమరాంబకి చూడగానే తెలిసింది.

"లేసు సూదండీ అది," అంది, ఓ ఆదివారం ట్రే పట్టుకుని నిలబడి.

అందరూ నవ్వారు. గురునాథరావుగారు పొలమారేదాకా నవ్వాడు. "ఒసేయ్, నీకు లోకమంతా లేసే," అన్నారు అచ్యుతరామయ్యగారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పెనం మీద నీళ్ళు చల్లింది. చుయ్యిమంది పెనం.

ఆవిడ బాధ సూది గురించి కాదు. అరవై రెండులో, ఎనిమిది నెలలు కూర్చుని, బల్ల మీద పరిచే పెద్ద లేసు గుడ్డ అల్లింది. రెండు కళ్ళూ దానికే ధారపోసింది. ఆ ఆరుగురిలో ఒక కవికి హారియెట్ అనే చెల్లెలు ఇంకా బతికి ఉందనీ, ఆవిడకి కానుక పంపాలనీ ఆయన పట్టుకుపోయారు. తర్వాత అడిగితే, "అందలేదట. ఓడలో ఎక్కడో పోయింది," అన్నారు. చేతిపని బాగుందో లేదో ఒక్కరైనా చెప్పకుండా సముద్రంలో కలిసిపోయిందే అని పంతొమ్మిదేళ్ళుగా ఆవిడకి ఒకటే దిగులు.

ఎనభై ఒకటిలో ఆయనకి శుక్లాల ఆపరేషనైంది. ఒక కంటికి కట్టు, రెండో కన్ను అంతకుముందే మసక. సరిగ్గా అప్పుడే ఆ సామాను మొత్తం ఒక కాలేజీకి అప్పగించి సన్మానం చేయించుకోవాలని గురునాథరావుగారు ముహూర్తం పెట్టించాడు. జాబితా రాయాలి, కార్డులు రాయాలి. ఆయనకా అక్షరం కనపడదు. గత్యంతరం లేక, తన దగ్గర చదువుకుని లెక్చరరైన కామేశ్వరిని పిలిపించి, తాళంచెవి ఇచ్చారు.

"నీలం రిబ్బను కట్ట మాత్రం విప్పకు. పర్సనల్," అన్నారు మంచంలోంచి.

కామేశ్వరి రెండు రోజులు ముందుగదిలో కూర్చుని రాసింది. కవుల ఉత్తరాల నిండా దగ్గు, జలుబు, మా పద్యం వెయ్యని ఆ పత్రికవాడు గాడిద అన్న మాటలు. వీటికా ఇన్ని నిట్టూర్పులు అనుకుందా పిల్ల. మూడో రోజు సూది చేతిలోకి తీసుకుని, "పైపు శుభ్రం చేసే పుల్ల" అని కార్డు రాసింది. భ్రమరాంబ కాఫీ పెట్టి, ఉండబట్టలేక మళ్ళీ అంది: "లేసు సూదమ్మా అది."

కామేశ్వరి సూదివంక చూసింది, కొక్కెం వేలితో తడిమింది. "నాకూ అలాగే ఉంది పిన్నిగారూ. చూద్దాం ఉండండి," అని నీలం రిబ్బను లాగేసింది.

అయిదు ఉత్తరాలున్నాయి, అన్నీ హారియెట్ దొరసాని ఆయనకి రాసినవే. కామేశ్వరి మొదటిది చదివి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది.

"మీ పనిమనిషి అల్లిన లేసు అందింది. ఇంత మంచి పని నా జన్మలో చూడలేదు. మా అమ్మ బల్ల మీద పరిచాను. మీ వ్యాసాలు చదివే ఓపిక నాకు లేదు. మీరు గుర్తులు పంపమన్నారు కాబట్టి పాతగుడ్డల సంచీలో దొరికిన మేజోడు పంపుతున్నాను. ఆ ఆరుగురి మేజోళ్ళూ కుట్టింది నేనే, ఒక్కడూ థాంక్స్ చెప్పలేదు. ఈ సూది నాది. అది ఆ అమ్మాయికివ్వండి. ఆమె పేరు రాయండి."

"పనిమనిషా?" అంది భ్రమరాంబ.

"అలాగే రాసినట్టున్నారండి మాస్టారు."

మిగతా నాలుగింటిలోనూ అదే ప్రశ్న. సూది ఇచ్చారా? ఆమె పేరేమిటి? చివరిదాంట్లో, పేరు చెప్పని మనిషికి ఇక ఉత్తరం రాయనని ఉంది.

అంట్లు తోముతూ వింటున్న పోతమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "పనిమనిసంటే నాను కదమ్మా. నాను సేత్తే అంత బాగొత్తాదేటి," అంది. భ్రమరాంబ నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది. లేసు సముద్రంలో పోలేదు. దాన్ని అల్లిన మనిషినే ఆయన ముంచేశారు. లేసు అల్లే భార్య ఉందని చెప్పుకోవడం పెద్ద చదువుకి నామోషీ కాబోలు.

ఆయనతో ఒక్క మాటా అనలేదు ఆవిడ. కామేశ్వరి మటుకు సూది కార్డు చింపి, కొత్తది రాసింది.

సన్మానం రోజు మద్దిలపాలెం దగ్గర ఆ కాలేజీ హాలు నిండిపోయింది. బల్ల మీద అద్దం కింద పైపు, పెన్సిలు, మేజోడు, సూది. ఆయన నల్ల కళ్ళజోడుతో ముందు వరసలో, ఎడమపక్క భ్రమరాంబ. గురునాథరావుగారు మైకు పట్టుకుని, ఆ కవుల ఆఖరి బంధువు తన సోదరుడిగా ఎంచుకున్న మహానుభావుడని పొగిడి పొగిడి, ఆయన్ని వేదిక మీదికి పిలిచాడు. చప్పట్లు మోగాయి. ఆయన లేచి, ఎడమచెయ్యి పక్కకి చాచారు.

"పద."

"పనిమనుషులు వేదికెక్కరండీ," అంది భ్రమరాంబ, కూర్చునే.

ఆయన మొహం పాలిపోయింది. వంగి, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. ముందు చెయ్యి పట్టుకో," అన్నారు.

"పట్టుకుంటాను. ఆ మహాతల్లి అయిదుసార్లు అడిగింది నా పేరు. ఇంతమందిలో ఒక్కసారి చెప్పండి, పట్టుకుంటాను."

చప్పట్లు ఆగిపోయాయి. ఏం జరుగుతోందో తెలియక వెనక వరసలవాళ్ళు లేచి చూస్తున్నారు.

"నా భార్య," అన్నారు చివరికి.

"పేరండీ."

ఆయన తల కాస్త వేదిక వైపు తిప్పి, "గురునాథం, నువ్వు రావయ్యా," అని పిలిచారు.

అప్పుడు లేచింది భ్రమరాంబ. హాలు వైపు తిరిగి, పెసరట్టు కావాలా అని అడిగే గొంతుతోనే చెప్పింది. "నా పేరు భ్రమరాంబండి. నరసాపురం. ఆ బల్ల మీది సూది దొరసాని నాకు పంపింది, నా లేసు చూసి. ఉత్తరాలు కామేశ్వరి దగ్గరున్నాయి, చదవమనండి."

కామేశ్వరి అప్పటికే రిబ్బను విప్పుతోంది. గురునాథరావుగారు మైకు వదిలేసి, మెడ చాచి బల్ల మీద సూది పక్కనున్న కొత్త కార్డు చదువుతున్నాడు. అచ్యుతరామయ్యగారు పక్కకి చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ లేవలేదు.