గుర్రపుడెక్క ప్రాజెక్టు

నవ్యగోదావరి విశ్వవిద్యాలయంలో ఆ ఏడాది శాస్త్రాల మధ్య గోడలన్నీ పడగొట్టేశారు. నిజం గోడలు కాదు లెండి. కెమిస్ట్రీ బ్లాకు గోడ మూడేళ్ళుగా బీటలిచ్చి కారుతోంది, దాన్నెవరూ ముట్టుకోలేదు. వైస్ చాన్సలర్ శివరామకృష్ణ గారు ఢిల్లీలో ఏదో సదస్సుకు వెళ్ళి "ట్రాన్స్‌డిసిప్లినరీ" అనే మాట పట్టుకొచ్చారు. శాస్త్రాలన్నీ కలిసి సమాజాన్ని ఉద్ధరించాలి, ఆ ఉద్ధరణను ఢిల్లీ కమిటీ వచ్చి కళ్ళారా చూడాలి, చూసి పెద్ద గ్రేడు ఇచ్చి పోవాలి. ఇదీ వరస.

మరి ఉద్ధరించడానికి ఒక సమాజం కావాలి కదా! అది యూనివర్సిటీ ఉన్న రాజమండ్రికి మరీ దూరం కాకూడదు, కారు ఊళ్ళోదాకా వెళ్ళాలి, మధ్యాహ్నం భోజనం వేళకు తిరిగొచ్చేయాలి. ఇన్ని లక్షణాలూ ఉన్న ఊరు కోడుగట్టుపాలెం. ఆ ఊరిని వీసీ గారికి చూపించింది దేవకుమారి.

ఆమెది ఆ ఊరే. వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఆరేళ్ళుగా అదే యూనివర్సిటీలో కాంట్రాక్టు లెక్చరరుగా చేస్తోంది. ఏటా జూన్ వచ్చిందంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. తండ్రి ముసలయ్య, ఆ ఊరి ఆసామీ వెంకటరాజు గారి మూడెకరాలు కౌలుకు చేస్తాడు. ఊరి పొలాల్లో ఎక్కువైన నీళ్ళన్నీ పక్కనున్న మురుగుకోడులోకి దిగాలి. ఆ కోడు నిండా గుర్రపుడెక్క. ఊదారంగు పూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, నీటిచుక్కను ముందుకు కదలనివ్వదు.

అందుకే ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఏటా వరి ఆకుమళ్ళు పోసేముందు ఇంటికో మనిషి కోడులోకి దిగాలి. చర్చి వాళ్ళని, రామాలయం వాళ్ళని లేదు, కౌలుదారని, ఆసామీ అని లేదు. నీళ్ళలో మోకు అడ్డంగా పట్టి, డెక్కనంతా ఒకచోటికి నెట్టి, గట్టుమీదకు లాగి పారేస్తారు. రెండు రోజుల పని. రాని మనిషితో ఏడాది పొడుగునా ఎవరూ సరిగ్గా మాట్లాడరు.

ఈ ఏడు ఆ పని ఆపమంది దేవకుమారి.

"పది రోజులు ఆగండి నాన్నా. డెక్క ఉన్నదున్నట్టు కమిటీ వాళ్ళు చూడాలంట. చూశాక యూనివర్సిటీయే మిషన్ పెట్టి తీయించేస్తది. వీసీ గారు నాతో స్వయంగా చెప్పారు."

"మిషనే వస్తానంటే మాకేం నొప్పే!" అన్నాడు ముసలయ్య.

ఊరు ఆగింది. వీసీ గారి మాట మీద కాదు, ముసలయ్య కూతురి మాట మీద ఆగింది. వీసీ గారు ఇంకో మాట కూడా అన్నారు: "గ్రేడు రానీమ్మా, నీ పర్మనెంటు ఫైలు మీద మొదటి సంతకం నాదే." ఈ సంగతి ఆమె తండ్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక చూస్కోండి, శాస్త్రాలన్నీ కట్టగట్టుకుని డెక్క మీద పడ్డాయి. కంప్యూటరు వాళ్ళు డ్రోను ఎగరేసి మొక్కలు ఎన్నున్నాయో తేల్చారు. మేనేజిమెంటు వాళ్ళు డెక్క కాడలతో బుట్టలల్లి జర్మనీలో అమ్మే పథకం రాశారు. బుట్ట అల్లడం ఎవరికీ రాదు, అది రెండో దశట. చరిత్ర వాళ్ళు ఈ మొక్క ఏ ఓడెక్కి వచ్చిందో ఆరా తీశారు. నాట్యశాఖ పదహారు మంది ఆడపిల్లలకు ఊదారంగు పావడాలు కుట్టించి "డెక్క వేదన" అని ఒక రూపకం కట్టింది. వేదన డెక్కదేనట, రైతుది కాదు. ఇరవై మూడు పరిశోధనా పత్రాలు బయటికొచ్చాయి. కోడులోంచి మాత్రం ఒక్క మొక్క బయటికి రాలేదు.

కమిటీ వాయిదా పడింది. పది రోజులు పదిహేడయ్యాయి, పదిహేడు ఇరవై ఆరయ్యాయి. ఢిల్లీ వాళ్ళ కోసం అదను ఆగదు కాబట్టి రైతులు ఆకుమళ్ళు పోసేశారు. ఆరుద్ర కార్తెలో వాన పట్టుకుంది. మూడు రోజులు విడిచిపెట్టలేదు.

సోమవారం పొద్దున్నే ముసలయ్య ఫోన్ చేశాడు. "అమ్మా, ఆకుమడి మునిగిపోయిందే. మోకాల్లోతు నీళ్ళు. ఇయ్యాలో రేపో దిగకపోతే కుళ్ళిపోద్ది. మేం కోడులో దిగిపోతామే."

"ఒక్క గంట ఆగు నాన్నా, సార్‌ని అడుగుతాను" అని ఆమె వీసీ గారి గదికి పరిగెత్తింది.

ఆయన బ్యానరులో తన ఫొటో ఎంత పెద్దదుండాలో చూసుకుంటున్నారు. "గురువారం కమిటీ వస్తోందమ్మా. ఇప్పుడు డెక్క తీయించేస్తే వాళ్ళకేం చూపిస్తాం? వట్టి నీళ్ళా?"

"సార్, మడులన్నీ మునిగిపోయాయండి. కుళ్ళిపోతే మళ్ళీ పోసుకోడానికి విత్తనాల్లేవండి."

"మునిగాయా?" వీసీ గారి కళ్ళు మెరిశాయి. "అయితే ఫొటోలు తీయించు. వాతావరణ మార్పుల కింద ఇంకో అధ్యాయం కలిపేద్దాం."

ఆ చెంపా ఈ చెంపా వాయించాలనిపించింది దేవకుమారికి. వాయించలేదు. బయటికొచ్చి తండ్రికి ఫోన్ చేసి, "గురువారం దాకా ఎలాగో ఓర్చుకోండి నాన్నా" అంది. ఫైలు కోసం అంది. ఆ మాట అన్నందుకు తనను తాను ఎంత తిట్టుకున్నా కసి తీరలేదు.

గురువారం గట్టుమీద షామియానా లేచింది. కమిటీ పెద్ద ఒక మేడం గారు. తెలుగు ఒక్క ముక్క రాదు. బురదలో కాళ్ళు జారకుండా పదహారు మందీ జాగ్రత్తగా వేదన పడ్డారు. అది అయ్యాక మేడం గారు లబ్ధిదారుతో మాట్లాడాలంది. వీసీ గారు ముసలయ్య నెత్తిన యూనివర్సిటీ టోపీ పెట్టి ముందుకు తోశారు. తర్జుమా చేసే పని దేవకుమారిది.

"విశ్వవిద్యాలయం వల్ల మీకు జరిగిన మేలేంటని అడుగుతున్నారు" అంది ఆమె, తండ్రి మొహంలోకి చూడకుండా.

ముసలయ్య వెనకే ఉంది ఆకుమడి. మొలక పసుపు తిరిగి, నీళ్ళమీద తేలి కంపు కొడుతోంది. ఆయన దానివైపు చూశాడు. వీసీ గారి వైపు చూశాడు. ఆఖరికి కూతురి వైపు చూసి, చేతులు కట్టుకున్నాడు.

"అంతా బాగుందండి. యూనివర్సిటీ వారు మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నారండి. మా నీళ్ళకేం ఇబ్బంది లేదండి. ఈ అమ్మాయి మా కోసం శానా కష్టపడిందండి."

పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట అబద్ధం విన్నది అదే మొదలు. చర్చిలో కానుకల సంచి ముందుకొస్తే "ఈ వారం లేదండయ్యా" అని పైకే చెప్పే మనిషి. అలాంటివాడు కుళ్ళిన మడి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, కూతురి ఉద్యోగం కోసం అబద్ధమాడుతున్నాడు. దేవకుమారికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

మేడం గారి వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "ఈ రైతు ఏమంటున్నాడంటే, ఈ డెక్కను మేం ఏటా రెండు రోజుల్లో తీసేసుకుంటాం. మీకు చూపించాలని ఇరవై తొమ్మిది రోజులు తీయనివ్వలేదు. నా మడి కుళ్ళింది. ఊరందరి మడులూ కుళ్ళాయి. మమ్మల్ని ఆపింది నా కూతురే, తన ఉద్యోగం కోసం."

వీసీ గారి మొహం మాడిపోయింది. "లేదు మేడం, ఆయన అలా అనలేదు! అంతా బాగుందన్నాడు!" అని ఇంగ్లీషులో అరిచారు. ఆ గట్టుమీద ఆ నిమిషాన నిజం చెప్పింది పాపం ఆయనొక్కడే.

మేడం గారు మడివైపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అద్భుతం!" అంది మేడం గారు. "పద్నాలుగు యూనివర్సిటీలు తిరిగాను. ఒక లబ్ధిదారు ఇంత నిర్భయంగా విమర్శించడం ఎక్కడా చూడలేదు. సామాజిక ప్రభావమంటే ఇదీ!"

వీసీ గారు రెప్పపాటు తడబడ్డారు, అంతే. "మేమే నేర్పించాం మేడం. ప్రశ్నించే తత్వం మీద వర్క్‌షాపు కూడా పెట్టాం" అన్నారు. షామియానా అంతా చప్పట్లతో మోగిపోయింది. ముసలయ్య కూడా కొట్టాడు.

కార్లు భోజనానికి కదిలాయి. వీసీ గారు అద్దం దించి, "నూటికి నూరు వేశారమ్మా, అంతా నీ చలవే. రేపణ్ణించి నువ్వు రానక్కర్లేదు" అని అద్దం ఎత్తేశారు.

ముసలయ్య గబగబా వచ్చాడు, మొహం వెలిగిపోతూ. "బాగా చెప్పానా అమ్మా? ఎన్ని చప్పట్లు కొట్టారే! నీ ఫైలు మీద సంతకం అయిపోయినట్టేనా?"

"నువ్వు చెప్పింది నేను చెప్పలేదు నాన్నా. మడులు కుళ్ళిపోయాయని చెప్పాను. నేనే ఆపానని చెప్పాను. నా ఉద్యోగం పోయింది."

ముసలయ్య నెత్తిమీది టోపీ తీసేశాడు. మడిని చూశాడు, కార్లు పోయిన దారివైపు చూశాడు.

"మడులు కుళ్ళిపోయాయని చెబితే," అన్నాడు, "చప్పట్లు కొట్టారా?"