సోఫా వెనక్కి జరిగిన ఆదివారం

శనివారం పొద్దున్నే కింది ఫ్లాట్ ఎలిజబెత్ గారు తలుపు కొట్టారు.

"ఏమీ అనుకోకండి సత్యశ్రీ గారూ. మీరు పాటలు పెట్టినప్పుడల్లా మా వంటింట్లో స్టీలు పళ్ళేలు గలగలలాడుతున్నాయండీ."

"తప్పు మాదేనండీ. రేపు సాయంత్రానికి సరిచేసేస్తాను," అంది సత్యశ్రీ.

ఆ ధీమా ఊరికే రాలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో యంత్రాల అదురు ఎక్కడ పుడుతోందో పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. పటమటలో ఈ ఫ్లాట్ కొన్నప్పుడు పాటలకని ఒక గది పట్టుబట్టి ఉంచుకుంది. మంచి స్పీకర్లు, లోతైన బేస్ శబ్దం కోసం సబ్‌వూఫర్ అనే బరువైన పెట్టె పెట్టుకుంది. తీరా చూస్తే, గది మధ్యలో సోఫాలో కూర్చుంటే మృదంగం డొల్లగా వినిపిస్తోంది. మూలకు వెళ్తే చెవులు దిమ్మెక్కుతున్నాయి. బేస్ చాలడం లేదని రోజూ సౌండు పెంచుతోంది. షాపాయన ఇంకా పెద్ద పెట్టె కొనమన్నాడు. భర్త శివాజీ అయితే ఉన్నదే తిరిగి ఇచ్చేద్దామన్నాడు.

"లోపం పెట్టెది కాదు, గదిది. బేస్ లాంటి లావు శబ్దం గోడకు కొట్టుకుని వెనక్కొస్తుంది. మూలల్లో పోగుపడుతుంది, మధ్యలో వెళ్ళేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి తినేస్తాయి. మనం సరిగ్గా ఆ మధ్యలోనే కూర్చున్నాం," అంది సత్యశ్రీ.

ఆదివారం ఇద్దరూ సోఫాను వెనక్కి జరిపి, సబ్‌వూఫర్‌ను మూలలోంచి తెచ్చి సోఫా మీదికెత్తారు. బేస్ గిటారు పాట ఒకటి సన్నగా పెట్టి, ఆమె చెవి నేలకు వంచి గోడ పక్కన పాకడం మొదలుపెట్టింది.

అత్తగారు రత్తమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "ఏం పోయిందే? చెవి దిద్దా?"

"బేస్ వెతుకుతున్నా అత్తయ్యా. మనం కూర్చునే చోట పెట్టె ఉంది కదా, ఇప్పుడు నేల మీద ఎక్కడ బాగా వినిపిస్తే, తర్వాత పెట్టెను అక్కడ పెట్టాలి. అప్పుడు సోఫాలో బాగుంటుంది."

రత్తమ్మ కూడా నడుం వంచి కిటికీ పక్కన చెవి పెట్టింది. "ఇదుగో, ఇక్కడ బావుంది."

సత్యశ్రీ వెళ్ళి శ్రద్ధగా వింది. "ఇక్కడ కింది స్వరం ఒకటి వినిపించకుండా పోతోంది. తలుపు పక్కనే నయం."

పెట్టె తలుపు పక్కకు చేరింది, అదురు నేలలోకి దిగకుండా కింద దళసరి రబ్బరు షీటు పడింది. మూలల్లో పోగుపడే శబ్దాన్ని పీల్చుకోవడానికి ఏదైనా మెత్తటిది, లావుపాటిది కావాలి. అటక మీద బూరుగుదూది పరుపులు ఉన్నాయి.

"అవి మా ఉయ్యూరువి!" అంది రత్తమ్మ.

"పాడుచెయ్యను అత్తయ్యా. చుట్టి నిలబెడతానంతే."

రత్తమ్మ గొణుగుతూనే వాటిని కట్టడానికి పాత చీరలు తెచ్చిచ్చింది.

సాయంత్రం శివాజీ పైన పాట పెడితే, సత్యశ్రీ కింద ఎలిజబెత్ గారి వంటింట్లో నిలబడింది. పళ్ళేలు కిమ్మనలేదు. ఒక మూత మాత్రం సన్నగా గొణిగింది.

"ఇంకొంచెం తగ్గించు," అంది ఫోన్లో. మూత ఊరుకుంది. "ఇక ఇంతకు మించి పెంచబోమండీ. అవసరం కూడా లేదు. పైకొచ్చి మీరే వినండి."

ఇద్దరూ పైకి వచ్చేసరికి మృదంగం మీద ఒక్కో దెబ్బా దేనికది గట్టిగా, నిండుగా పడుతోంది. సోఫా మధ్యలో రత్తమ్మ కూర్చుని ఉంది. లేచే ఉద్దేశమేమీ కనబడలేదు.

"మొదటినుంచి పెట్టరా శివా," అంది, ఎలిజబెత్ గారికి పక్కన చోటిస్తూ.

సత్యశ్రీ నవ్వుకుంటూ కింద చాప పరుచుకుంది.