గోడ దాటేదాకా

నేను ఒక మైకును. మెడ మీద జారే స్విచ్చు, తోకకు పొడవాటి నల్ల వైరు, తలకు ఇనుప జాలీ ఉన్న అసలు సిసలు మైకును. ఇప్పుడొస్తున్న వైరు లేని మైకుల్ని చూసి నన్ను తక్కువ అంచనా వేయకండి. బ్యాటరీ అయిపోతే వాటికి మాట పడిపోతుంది. నేను వానలో తడిశాను, పందిరి గుంజ మీద నుంచి కింద పడ్డాను, ఒక పెళ్ళిలో పప్పు గిన్నెలో కూడా మునిగాను. అయినా మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే పలికాను.

ఉత్తరాదిన ఏదో రేకుల షెడ్డులో నన్ను బిగించారట. అదంతా నాకు గుర్తులేదు. ఊహ తెలిసేసరికి హైదరాబాద్ కోఠిలో ఒక దుకాణం అద్దాల వెనక అట్టపెట్టెలో పడుకుని ఉన్నాను. గోదావరిఖని నుంచి వచ్చిన ఓదెలు నన్ను బయటికి తీసి, జాలీ మీద వేలితో టకటకా కొట్టి, ఏదో పాట ముక్క పాడి, "గొంతు మంచిగున్నది" అన్నాడు. గొంతు ఆయనది, మెప్పు నాకు! సరేలే, వచ్చిన మెప్పును ఎందుకు కాదనాలి?

ఊళ్ళో అందరూ ఆయన్ని మైకుసెట్టు ఓదెలు అంటారు. బొగ్గు గనుల ఊరు మాది. పెళ్ళైనా, ఓట్లైనా, బోనాలైనా, సంతాప సభైనా ఓదెలు ఆటో రావాల్సిందే, దాని నెత్తిన రెండు బూరలు మోగాల్సిందే. నేను చూడని మనిషి లేడు. నా నెత్తిన మొట్టని మనిషీ లేడు. ఎంత పెద్దమనిషైనా సరే, ముందు నాకు రెండు మొట్టికాయలు వేసి, 'హలో హలో' అని, ఆ తర్వాతే నీతులు మొదలుపెడతాడు. "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అన్నవాడు పొద్దు గూకేదాకా నన్ను వదిలితే ఒట్టు. ఇన్నేళ్ళలో ఎవరి తండ్రి పేరు, ఎవరి పార్టీ పేరు, ఎవరి హోదా ఏమిటో విని విని నా జాలీ అరిగిపోయింది. 'నేను' అని గట్టిగా చెప్పుకునే మనిషి కోసం నేను మొహం వాచి ఉన్నాను.

అప్పుడొచ్చింది వినోద.

ఓదెలుకు గొంతు జీరబోయాక, బండిలో కూర్చుని ప్రకటనలు చెప్పడానికి ఆ అమ్మాయిని పెట్టుకున్నాడు. చీరల తగ్గింపు ధరలు, ఉచిత కంటి శిబిరం, నల్లా బంద్, తప్పిపోయిన మేకపోతు, ఏదైనా సరే వినోద చెబితే జనం కిటికీలు తెరిచేవాళ్ళు. మొదటిరోజే ఓదెలు ఆమెకు ఒక నియమం చెప్పాడు.

"బిడ్డా, పెద్ద దవాఖాన గేటు కాడికి రాంగనే స్విచ్చు బంద్ జెయ్యాలె. గోడ దాటినంకనే మళ్ల అందుకోవాలె. లోపల పానం బాగలేనోళ్లుంటరు. ఎంత పెద్ద ముచ్చటైనా సరే, గోడ దాటేదాకా సప్పుడు జెయ్యొద్దు."

వినోద ఆ నియమాన్ని ఒక విద్యగా మార్చేసింది. మార్కెట్ మూల మలుపు దగ్గర మాట ఎత్తుకునేది. సరిగ్గా గేటు దగ్గర వాక్యం ముగించి, బొటనవేలితో నా స్విచ్చు కిందికి జార్చేది. ఆ పొడుగాటి గోడ అయిపోగానే పైకి జార్చి, మధ్యలో ఏమీ జరగనట్టే అందుకునేది. ఒక్కనాడూ తడబడలేదు. ఆమె బొటనవేలికీ నా మెడకీ కుదిరిన పొందిక అలాంటిది, గొప్పలు కాదు.

ఆమెకు ఒక పిచ్చి ఉంది. హిప్‌హాప్ పిచ్చి. ప్రకటనల మధ్య ఖాళీ దొరికితే చాలు, చెవిలో తీగలు పెట్టుకుని తల ఊపేది. ఒకరోజు ఓదెలు ఉండబట్టలేక అడిగాడు.

"గా ఇంగిలీసోళ్ల పాటల నీకేం సమజైతదే?"

"మొదట్ల మాటలు సమజ్ కాలే కాకా. కోపం సమజైంది. మాది గీ గల్లీ, మేం గిట్లనే ఉంటం, ఇనేటోళ్లు ఇనుండ్రి అంటున్నరు. మనకాడ అట్ల ఎవలన్నా అంటరా? ఆడిపిల్ల అయితే అసలే అననియ్యరు. గీ పాటల అనొచ్చు. గొప్పలు చెప్పుకోవచ్చు, ఎదుటోణ్ని ఏడిపియ్యొచ్చు. రాగం రాకున్నా నడుస్తది. సొంత మాట లేకుంటె మాత్రం నడువది."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది దీన్నే కదా! ఆ రోజు నుంచి నేనూ హిప్‌హాప్ అభిమానినే. మైకు పట్టుకుని తన పేరు తానే చెప్పుకునే కళను మైకు కాక ఇంకెవరు మెచ్చుకోవాలి చెప్పండి?

ఆదివారం సాయంత్రాలు మా ఊరి ర్యాపర్లు, మూతపడ్డ టాకీసు సైకిల్ స్టాండులో గుండ్రంగా నిలబడేవాళ్ళు. దాన్ని సైఫర్ అంటారు. బైకు మెకానిక్ ఖలీల్ దానికి పెద్ద. నోటితోనే డప్పు, తాళం, రైలు చప్పుడు అన్నీ పలికించేవాడు. అక్కడికి రాగానే అందరూ ఫోన్లు తీసి ఒక హెల్మెట్‌లో పడేయాలి. చూసి చదవడం కుదరదు, గుండెలో ఉన్నదే చెప్పాలి. ఎవరి బీటు ఎవరైనా వాడుకోవచ్చు, అది ప్రేమ కింద లెక్క. ఎదుటివాడి లైన్లు తనవని చెప్పుకుంటే మాత్రం దొంగతనం. అలాంటివాడికి మళ్ళీ ఆ గుండ్రంలో చోటుండదు. ఉత్తి పుణ్యానికి నింద వేసి నిరూపించలేని వాళ్ళకూ ఉండదు. వినోద నన్ను చంకన పెట్టుకుని వెళ్ళేది గానీ, తాను మాత్రం నోరు విప్పేది కాదు. "నాది ఇంక తయారు కాలే" అనేది.

ఎందుకు తయారు కాలేదో నాకు తెలుసు. ఆ ఏడాది వాళ్ళ బాపు ఆ దవాఖానలోనే ఉన్నాడు. గనిలో పనిచేసి పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము పట్టిన మనిషి. గోడ పక్క వార్డులో, కిటికీ కింద మంచం. ఒకరోజు బండి గోడ వెంట పోతుంటే, నా స్విచ్చు ఆపి, వినోద ఓదెలుతో చెప్పింది. స్విచ్చు ఆపినా నాకు వినబడుతుంది. బయటికి చెప్పలేను, అంతే.

"నిన్న బాపు ఏమన్నడో ఎరుకనా కాకా? నీ గొంతు దూరంకెల్లి వస్తది, గోడ కాడికి రాంగనే బందైతది, అప్పుడెరుకైతది బిడ్డా, నువ్వు నా పక్కకే ఉన్నవని, అన్నడు."

ఓదెలు బండి కాస్త నెమ్మదిగా నడిపాడు. ఆ చలికాలం దాటకుండానే బాపు పోయాడు. వినోద కర్మలు అయ్యాక వచ్చి, నన్ను చేతిలోకి తీసుకుని, గేటు దగ్గర ఎప్పటిలాగే స్విచ్చు జార్చింది. గోడ దాటాక ఆమెకు మాట రాలేదు. ఆ రోజు చీరల తగ్గింపు ధరలు సగం ఊరికి తెలియకుండానే పోయాయి. నాకు కన్నీళ్ళు పెట్టుకునే వీలు ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాత ఆ తోవలోనే, ఆ చక్రాల మీదే ఆమె చరణం పుట్టింది. అందరూ నన్ను 'హలో' అని పరీక్షిస్తే, ఆమె దాంతో పరీక్షించేది.

"బొగ్గుపొడిల పుట్టినా, బోర్డు లేని పేరు నాది,
మలుపు మలుపు తిరిగినా, మరిచిపోని తీరు నాది,
గొంతు చిన్నదనుకోకు, గోడ దాటే జోరు నాది..."

ఇక్కడ స్విచ్చు కిందికి. గోడ పొడుగునా మౌనం. తర్వాత స్విచ్చు పైకి.

"ఆగిందని అనుకోకు, అయిపోలే పోరు నాది."

ఇక అసలు ఘోరం వినండి. ప్రణీత్ అని ఒక ఇంజనీరింగ్ కుర్రాడు. రంగస్థల నామధేయం ఎంసీ సెగ. కాలేజీ వేడుకకు మా మైకుసెట్టు మాట్లాడుకుని, బాక్సులు దించుతున్నంతసేపూ అక్కడే తచ్చాడాడు. వినోద నన్ను పరీక్షిస్తూ ఆ చరణం చెబుతోంది, అక్కడ గోడ లేకపోయినా అలవాటుగా అంతసేపూ ఆగి మరీ. ఓదెలు వైర్ల చిక్కులు విప్పుకుంటున్నాడు. ఆంప్లిఫయర్ వెలిగితే ఆయనకు లోకం కనబడదు. కొన్నాళ్ళకు ఊరంతా ఒకటే వీడియో. ఎర్ర కళ్ళద్దాలు, వెనక బొగ్గు గుట్ట, ఎంసీ సెగ నోట అవే లైన్లు! ఆ మౌనంతో సహా! టీ కొట్ల దగ్గర అందరిదీ ఒకటే మాట: "ఆ ఆపుడున్నది సూడు, మస్తు ఆపిండు!"

వినోద ముఖం మాడిపోయింది. "మాటలు ఎత్తుకపోతే ఊకుందును కాకా. మళ్ల రాసుకుంట. గా సప్పుడు లేని జాగ మా బాపుది. అది ఎట్ల ఇస్త?" అంది.

"నడువ్. నేను సాక్ష్యం జెప్త" అన్నాడు ఓదెలు.

"నీ కాడ పనిజేసే పిల్లనని నన్నే ఎనకేసుకొస్తున్నవంటరు."

అదీ నిజమే. ఆదివారం వినోద గుండ్రం మధ్యలో నిలబడి, "ఆ చరణం నాది" అంది. గుసగుసలు మొదలయ్యాయి. ఖలీల్ గడ్డం గోక్కున్నాడు. "అరె వినోదా, నువ్వు ఈడ ఒక్కనాడు నోరు తెరువలే. రుజువు కావాలె గదా. లేకుంటె రూల్ ఎరుకే." అంటే తేలకపోతే ఆమెకు ఆ చరణమూ దక్కదు, ఆ చోటూ దక్కదు.

వినోద ప్రణీత్ వైపు తిరిగింది. "తమ్మీ, మూడో లైన్ అయినంక ఎందుకాగినవ్?"

"ఫీల్ కోసం అక్కా. ఆర్ట్ అది, చెప్తే సమజ్ కాదు" అన్నాడు వాడు, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"మంచిది. అయితే రోడ్డు మీద తేల్చుకుందాం. ఓదెలు కాక బండి నడుపుతడు. మార్కెట్ మూల కాడ ఎత్తుకోవాలె. ముందుగాల నువ్వు చెప్పు, ఎనుక నేను చెప్త. అందరు ఎంబడి రాండ్రి."

వాడు నవ్వాడు. "నాకేం భయం!"

బండి కదిలింది. వెనకాల బైకుల మీద, కాలినడకన గుంపు. వాడు నన్ను ఎలా పట్టుకున్నాడనుకున్నారు? వీడియోల్లో చూసినట్టు, జాలీ మొత్తం పిడికిట్లో మూసేసి! ఈ ర్యాపర్లందరికీ ఉన్న తెగులే ఇది. చూడ్డానికి ఠీవిగా ఉంటుంది, నాకు ఊపిరాడదు. మూసేకొద్దీ బూరలోని చప్పుడే తిరిగొచ్చి నా గొంతులో పడి, కూత మొదలవుతుంది. మూడు లైన్లు దర్జాగా చెప్పాడు. గేటు దగ్గర నోరు మూశాడు, తల వంచాడు, కళ్ళు మూసుకున్నాడు. ఆర్ట్! స్విచ్చు మాత్రం ముట్టుకోలేదు. పిడికిలి ఇంకా బిగించాడు. ఇక నా వల్ల కాలేదు. కీచుమని పెట్టిన కూత రెండు బూరల్లోంచి దవాఖాన గోడ మీద పడింది. అందరూ చెవులు మూసుకున్నారు.

గేటులోంచి వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు.

"ఓ ఓదెలన్నా! బుద్ధి గిన ఉన్నదా? లోపల పేషెంట్లున్నరు! రోజు ఆ బిడ్డ ఈడికి రాంగనే బంద్ జేసి, గోడ దాటినంకనే అందుకుంటది గదా! ఇయ్యాలేం రోగమొచ్చింది మీకు?"

ఖలీల్ ప్రణీత్ ముఖంలోకి చూశాడు. వాడు తల తిప్పి గోడ వైపు చూశాడు. వాడి ఆర్ట్‌కి గోడ ఉందని వాడికి ఇప్పుడే తెలిసింది పాపం.

బండి మళ్ళీ మార్కెట్ మూలకు వచ్చింది. వినోద నన్ను జాలీ కింద, మెడ దగ్గర, నాకు ఇష్టమైన చోట పట్టుకుంది. ఖలీల్ నోటితో తాళం మొదలుపెట్టాడు. అబ్బ, ఎలా చెప్పిందనుకున్నారు! బూరలు అదిరిపోయాయి. అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. మూడో లైను గేటు ముందు ముగిసింది. బొటనవేలు జారింది. నేను మూగబోయాను. ఖలీల్ తాళం ఆపేశాడు. బైకులవాళ్ళు ఇంజన్లు ఆపి తోసుకుంటూ నడిచారు. అంత గుంపూ ఆ గోడ పొడుగునా చప్పుడు లేకుండా నడిచింది. వినోద ఒక్క కిటికీ వైపే చూసింది. గోడ అయిపోయింది.

"ఆగిందని అనుకోకు, అయిపోలే పోరు నాది!"

అక్కడితో ఆపలేదు. లోకం విననిది, ప్రణీత్ ఎత్తుకుపోలేనిది, రెండో చరణం అందుకుంది.

"మసి మింగిన బాపు ఇచ్చిన ఊపిరంత ఆస్తి నాది,
మాటలెత్తుకపోతవేమో, మౌనం కాడ గస్తి నాది!"

ఆ ఈలలు, ఆ కేకలు! రెండో చరణం టాకీసు గేటు దాకా ఆగలేదు. ప్రణీత్ కళ్ళద్దాలు తీసి, "నీదే అక్కా" అన్నాడు. ఆ రాత్రికే వీడియో మాయమైంది. చాలాకాలం వాణ్ణి ఎవరూ గుండ్రంలోకి రానివ్వలేదు. తర్వాత సొంత లైన్లతో వచ్చాడు. ఏమాటకామాటే, పర్వాలేదు. జాలీ మూయడం మాత్రం మానలేదు.

ఇప్పుడు నా స్విచ్చు అరిగిపోయింది. జార్చితే ఆగదు. ఓదెలు నన్ను పారేయకుండా దుకాణంలో మేకుకు వేలాడదీశాడు. ఆ దుకాణం మార్కెట్ వీధి చివర ఉంది. వినోద చేతిలో ఇప్పుడు వైరు లేని మైకు. నాకేం అసూయ లేదు. కొంచెం ఉంది.

వినోద పేరు చెప్పుకుని సభలు జరుగుతున్నాయి, పక్క జిల్లాల నుంచి పిలుపులు వస్తున్నాయి. అయినా పొద్దున్నే బండి ఎక్కడం మానలేదు. దూరం నుంచి ఆమె గొంతు వినబడుతుంది. కంటి శిబిరం, నల్లా బంద్, చీరలు. దగ్గరవుతూ దగ్గరవుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. దుకాణంలో కొత్తగా చేరిన వాళ్ళు "మైకు ఖరాబైనట్టున్నది" అని తలెత్తి చూస్తారు.

నేను మాత్రం మేకు మీద నిబ్బరంగా ఉంటాను. వినోద ఇప్పుడు వాళ్ళ బాపు పక్కనే ఉంది.